తుపాకీ పద్దు

1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం రాజవొమ్మంగి పోలీసు ఠాణా మీద పడింది. అంతకుముందు రెండు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట ఠాణాల పని అయిపోయింది. రాజవొమ్మంగిలో పోలీసులు కాస్త ఎదురు తిరిగారు గానీ నిలవలేకపోయారు. ఠాణాలో బందీగా ఉన్న మన్యం తిరుగుబాటుదారు వీరయ్యదొరను దళం విడిపించింది. చింతపల్లిలో 11 తుపాకులు, కృష్ణదేవిపేటలో 7, ఇక్కడ 8, వెరసి 26. తూటాలు రెండున్నర వేలకు పైమాటే.

ఈ కథ మనకు కొత్త కాదు. సినిమాగా చూశాం, బుర్రకథగా విన్నాం. అందరూ చెప్పుకునేదే అయినా నాకు ఎప్పుడూ తెగని ముచ్చట ఒకటుంది. చింతపల్లి ఠాణాలో ఏమేం పట్టుకెళ్తున్నారో అక్కడి రికార్డు పుస్తకంలోనే రాసి, కింద రాజు సంతకం చేశాడు. 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు. సర్కారును ధిక్కరించినవాడు సర్కారు పుస్తకంలోనే పద్దు రాశాడన్నమాట. అందులో సవాలు ఎంత ఉందో, ఆయుధం చేయి మారితే కాగితం మీద గీత పడాలన్న పట్టింపు కూడా అంతే ఉంది. ఆ పట్టింపునే జీవనోపాధిగా చేసుకున్నవాళ్లు లైసెన్సు పొందిన తుపాకీ డీలర్లు. వాళ్ల పనితనం గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ. తుపాకీ గురించి రాయబోతే రక్తం గురించో రాజ్యం గురించో రాయడం మనకు అలవాటు.

తుపాకుల దుకాణం అనగానే గాజు బీరువాలో నిలబెట్టిన తుపాకులు, గోడ మీద దుప్పి కొమ్ములు గుర్తొస్తాయి. చిన్న పట్టణాల్లో అంత ఆర్భాటం ఉండదు. ముందు గదిలో దుకాణం, వెనకో మేడ మీదో కాపురం, ఇలా కుటుంబ వ్యాపారంగా సాగినవీ ఉన్నాయి. చట్టం చూసేది ఇల్లా బజారా అని కాదు. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఆయుధాలు చేయాలన్నా, అమ్మాలన్నా, మరమ్మతు చేయాలన్నా, అమ్మకానికి ఉంచాలన్నా లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సులో మనిషి పేరుతో పాటు చోటు కూడా ఉంటుంది. అందులో రాసిన చిరునామాలోనే వ్యాపారం. పక్క వీధిలో ఇంకా మంచి గది దొరికిందని రాత్రికి రాత్రి సరుకు మార్చడానికి వీల్లేదు.

ఇంట్లోనే దుకాణం పెట్టుకున్నవాడికి మొదటి పని గోడలు, తలుపులు, తాళాలు. తుపాకులు ఉండే గదికి ఇంటి రాకపోకలతో సంబంధం ఉండకూడదు. కిటికీకి చువ్వలు, తలుపుకు ఇనుప తొడుగు, లోపల గోడకు బిగించిన ఇనుప బీరువా. తుపాకులు ఒకచోట, తూటాలు ఇంకోచోట. తుపాకీ మందు సంగతి మరీ వేరు, దానికి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కూడా వర్తిస్తుంది. ఇక ఇంటి తాళాల గుత్తిలో ఈ గది తాళంచెవి కలవకూడదు. పండక్కి చుట్టాలొచ్చి పిల్లలు ఇల్లంతా పరుగులు పెడుతుంటే, ఆ ఒక్క తలుపు దగ్గర మాత్రం ఎవరికీ పని పడకుండా ఇల్లు అమర్చుకోవడం చిన్న విషయం కాదు. దుకాణం వేరే వీధిలో ఉన్న డీలర్ సాయంత్రం తాళం వేసి ఇంటికి పోతాడు. ఇంట్లోనే దుకాణం ఉన్నవాడికి రాత్రి కూడా కాపలాయే.

సరుకు సంగతికొస్తే, తుపాకీ చేతికి రాగానే డీలర్ అది నిండుగా ఉందా ఖాళీగా ఉందా అని చూస్తాడు. ఎదుటివాడు ఖాళీయేనని చెప్పినా చూస్తాడు, తానే ఐదు నిమిషాల క్రితం చూసి పక్కన పెట్టినదైనా మళ్లీ చూస్తాడు. గొట్టం మూతి ఎప్పుడూ మనిషి లేని వైపే. ఇది భయం వల్ల వచ్చిన అలవాటు కాదు, చేతికి పట్టుబడ్డ క్రమం. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఈ ఒక్కటి నేర్చేదాకా మిగతా ఏదీ ముట్టుకోనివ్వరు.

ఆ తర్వాత చూసేది నంబరు. తయారీదారు పేరో, నంబరో, మరో గుర్తింపు ముద్రో లేని తుపాకీని ఎవరూ అమ్మకూడదని, చేతులు మార్చకూడదని ఎనిమిదో సెక్షన్ చెబుతుంది. రెండు గొట్టాల 12 బోరు తుపాకీని విప్పితే మూడు ముక్కలవుతుంది: గొట్టాల జత, మీటలూ యంత్రమూ ఉండే ఇనుప భాగంతో కలిసిన కర్ర మడమ, గొట్టాల కింద ఎడమ చెయ్యి పట్టే ముందరి చెక్క. మంచి తయారీలో మూడింటి మీదా ఒకే నంబరు కొట్టి ఉంటుంది. గొట్టాల అడుగున చదునుగా ఉండే చోట ఒకసారి, అది కూర్చునే ఇనుప భాగం మీద ఒకసారి, ముందరి చెక్క లోపలి ఇనుము మీద ఒకసారి. మూడూ కలిస్తే తుపాకీ పుట్టినప్పటి జతతోనే ఉందని అర్థం. ఒకటి తేడా వచ్చిందంటే ఎప్పుడో, ఎవరో ఒక ముక్క మార్చారు. అది నేరమే కానక్కర్లేదు, కానీ పుస్తకంలో రాసే ముందు తేల్చుకోవాల్సిన సంగతి. నంబరు పక్కనే పరీక్షా కేంద్రం వేసిన ముద్రలుంటాయి. మామూలు తూటా కంటే బలమైన దాన్ని పేల్చి, గొట్టం తట్టుకుందని రుజువయ్యాక వేసే ముద్రలవి. 12 బోరు అన్న లెక్క కూడా ఎంత పాతదో చూడండి: ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, ఆ గుండు ఒక్కటి సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. అది సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. 16 బోరు అంటే 16 గుండ్లు, కాబట్టి గొట్టం సన్నం. అంకె పెరిగేకొద్దీ గొట్టం తగ్గుతుంది. కొత్తగా కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఇక గొట్టం లోపల. విప్పిన గొట్టాన్ని వెలుతురు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తే, లోపలి గోడ మీద వెలుగు వలయాలు వలయాలుగా కనిపిస్తుంది. ఒక దాని లోపల ఇంకొకటి, అన్నీ ఒకే నడిమి బిందువు చుట్టూ ఉంటే గొట్టం తిన్నగా, నున్నగా ఉన్నట్టు. ఎక్కడో ఒక వలయం కోడిగుడ్డులా సాగిందంటే అక్కడ నొక్కు పడింది. చుక్కలు చుక్కలుగా మసకగా ఉంటే తుప్పు తిన్నది. గొట్టాన్ని వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ వలయం కదలికను గమనించడంలో అసలు కిటుకుంది. గొట్టం కదిలినప్పుడు నొక్కు కూడా దానితో తిరుగుతుంది, వెలుతురు తేడా అయితే ఉన్నచోటే ఉంటుంది. ఏ పరికరమూ అక్కర్లేదు, కిటికీ ఉంటే చాలు. మన తీరప్రాంతపు ఉప్పు గాలికి, మన్యంలో ఆషాఢం నుంచి ఆగని తేమకి గొట్టాలు త్వరగా పాడవుతాయి. అందుకే వానాకాలంలో డీలర్ చేతుల్లో నూనె గుడ్డ ఎప్పుడూ ఉంటుంది. ఇనుము మీద చేతి చెమట పడ్డా మర్నాటికి వేలిముద్ర ఎర్రగా తేలుతుంది.

రాజవొమ్మంగి చుట్టుపక్కల జీడిమామిడి తోటల్లో, కొండవాలు పోడుల్లో కావలి కాసేవాళ్లకు మాత్రం 12 బోరు అందని పండు. అడవి పంది రాత్రికి రాత్రి పంట తొక్కేస్తుంది. 1959 చట్టం ఈ అవసరాన్ని గుర్తించింది. పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే తుపాకీ నిజంగానే అవసరమని తేలితే లైసెన్సు ఇవ్వాలని పదమూడో సెక్షన్ అంటుంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే నునుపు గొట్టం ఉన్న వేరే తుపాకీకి కూడా ఇవ్వొచ్చు, గొట్టం మాత్రం 20 అంగుళాలకు తగ్గకూడదు. అయితే లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన పందిని కాల్చడానికి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానికి అటవీశాఖ అనుమతి వేరే కావాలి. ఇక లైసెన్సు లేని నాటు తుపాకీల సంగతి, వాటిని అప్పగించమని పోలీసులు గూడేల్లో పిలుపునివ్వడం, పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఆ గొడవ ఇక్కడ మన విషయం కాదు. చూడ్డానికి నాటు తుపాకీలాగే ఉండి, నంబరూ కాగితమూ ఉన్న తుపాకీ ఎలాంటిదో చూద్దాం.

దాని గుండెకాయ, పక్కన మరలతో బిగించిన అరచేతి పొడవు ఇనుప పలక. బయటికి కనిపించేది హ్యామర్ ఒక్కటే. పలక విప్పి వెనక్కి తిప్పితే లోపల నాలుగు ముఖ్యమైన భాగాలు. హ్యామర్ ఇరుసుకే బిగించి, దానితోపాటు తిరిగే గుండ్రటి ముక్క, దాన్ని టంబ్లర్ అంటారు. దాన్ని కిందికి లాగడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే వంగిన పెద్ద స్ప్రింగు. టంబ్లర్ అంచున కోసిన గాట్లలో ముక్కు దూర్చి పట్టుకునే కొక్కెం. టంబ్లరూ కొక్కెమూ పక్కకు వాలిపోకుండా పైనుంచి పట్టుకునే చిన్న వంతెన పలక. మీట నొక్కితే కొక్కెం తోక పైకి లేస్తుంది, ముక్కు గాటులోంచి జారుతుంది, స్ప్రింగు హ్యామర్‌ను దిగ్గున దించుతుంది, గొట్టం అడుగున చిన్న చనుమొన మీద పెట్టిన పేలుడు టోపీ పగిలి నిప్పురవ్వ లోపలికి పోతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగే పని.

ఆ గాట్లు రెండు. హ్యామర్‌ను సగం లాగితే కొక్కెం పడేది ఒక గాటులో, పూర్తిగా లాగితే పడేది ఇంకోదానిలో. పూర్తి గాటు లోతు తక్కువ, మీట మీద వేలు కొద్దిగా బిగిస్తే చాలు, ముక్కు జారిపోతుంది. సగం గాటు అలా కాదు. అది లోపలికి గాలం కొక్కెంలా వంగి ఉంటుంది. ముక్కు అందులో దిగితే మీటను ఎంత బలంగా నొక్కినా బయటికి రాదు. బయటికి తీయాలంటే హ్యామర్‌నే ఇంకొంచెం వెనక్కి లాగాలి. అంటే చేను గట్టున చీకట్లో నడుస్తూ కాలు జారినవాడి వేలు మీటకు తగిలినా ఏమీ కాదు. రెండు గాట్ల పనీ ఒకే ముక్క మీద, ఒకదానికి కదలిక సులువుగా కావాలి, ఇంకోదానికి కదలికే ఉండకూడదు. ఆ తేడా అంతా ఆకురాయి చేసిన రెండు కోతల్లో ఉంది. ఇలాంటి తుపాకీ తీసుకున్న డీలర్ ఖాళీ అని రూఢి చేసుకుని, నంబరు చూశాక, యంత్రంలో మొట్టమొదట చూసేది ఈ సగం గాటునే. హ్యామర్ సగం లాగి, బొటనవేలు అడ్డం పెట్టుకుని, మీట గట్టిగా నొక్కుతాడు. హ్యామర్ వాలిందా, ఆ తుపాకీ కొట్టు గుమ్మం దాటదు. దాని గాటు అంచు అరిగిందన్నమాట. దాన్ని సరిచేయడం మరమ్మతు లైసెన్సు ఉన్నవాడి పని.

ఇంత నాజూకు పని చేసి పెట్టినా కాగితం కలవకపోతే తుపాకీ అమ్ముడుపోదు. కొనేవాడు తెచ్చే లైసెన్సు పుస్తకాన్ని డీలర్ చదివే తీరు గమనించదగ్గది. ఫొటో, వయసు (21 నిండాలి), గడువు, ఇచ్చిన అధికారి: జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేటు ఉన్న నగరాల్లో పోలీసు కమిషనరు. ఏ రకం ఆయుధానికి ఇచ్చారు, ఎన్నింటికి ఇచ్చారు, ఎక్కడిదాకా చెల్లుతుంది. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషి దగ్గర మూడు కాదు, రెండు తుపాకులే ఉండొచ్చు, లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఇప్పుడు ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేస్‌లో ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి.  అయినా పాత డీలర్లు పుస్తకాన్ని వెలుతురులో పెట్టి సీలు అంచులు చూడటం మానలేదు.

ఇక రిజిస్టరు. లోపల పేజీలకు ముందే నంబర్లు. ఒక తుపాకీ ఒక అడ్డుగీత. ఎడమ వైపు రాక: తేదీ, ఎక్కడి నుంచి వచ్చింది, పంపినవారి లైసెన్సు వివరాలు, తయారీదారు, రకం, బోరు, నంబరు. కుడి వైపు పోక: తేదీ, కొన్నవారి పేరు, ఊరు, లైసెన్సు నంబరు, ఇచ్చిన అధికారి, సంతకం. కుడి వైపు ఖాళీగా ఉన్న గీతలెన్నో బీరువాలో తుపాకులు అన్నే ఉండాలి. ఒక్కటి ఎక్కువైనా తప్పే, ఒక్కటి తక్కువైనా తప్పే. తనిఖీకి వచ్చిన అధికారి బీరువా తెరిపించి ఒక్కో తుపాకీ నంబరు చదువుతూ పుస్తకంలో టిక్కు పెట్టుకుంటూ పోతాడు. అంకె తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు, దిద్ది పూసెయ్యకూడదు. పాత అంకె చదవగలిగేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం చేయాలి. తప్పు కూడా లెక్కలో భాగమే కాబట్టి.

అమ్మకం అయ్యాక అదే నంబరు మూడు చోట్ల ఉంటుంది: తుపాకీ ఇనుము మీద, కొన్నవాడి లైసెన్సు పుస్తకంలో, డీలర్ రిజిస్టరులో. ఇల్లు చేరినవాడు దాన్ని ఠాణాలోనో లైసెన్సు ఇచ్చిన అధికారి దగ్గరో చూపిస్తే నాలుగో చోట కూడా చేరుతుంది. రేపు ఏ ఒక్కటి పోయినా, చిరిగినా, కాలినా మిగతావి చెబుతాయి. ఇలా ఒకదానికొకటి సాక్ష్యంగా నిలబడేలా పుస్తకాలను అమర్చడం ఎవరి తలలోంచి వచ్చిందో గానీ, పలక వెనక ఆ నాలుగు ముక్కల అమరికకు ఇదేమీ తీసిపోదు.

తూటాల లెక్క ఇంకా చాదస్తంగా ఉంటుంది. తుపాకీ ఒకసారి అమ్మితే అయిపోయింది, తూటాలు ఏటేటా. ఒకేసారి దగ్గర ఎన్ని ఉండొచ్చు, ఏడాదిలో ఎన్ని కొనొచ్చు అన్నది లైసెన్సులోనే రాసి ఉంటుంది. పది కొంటే డీలర్ కొన్నవాడి పుస్తకంలో తేదీ, సంఖ్య రాసి, సీలు వేసి సంతకం చేస్తాడు, తన పుస్తకంలో నిల్వలోంచి పది తీసేస్తాడు. ముందు కొన్న వేరే దుకాణం సీలు కూడా అదే పేజీలో ఉంటుంది, దాన్ని కలుపుకునే మిగిలిన లెక్క చూడాలి. బుద్ధిమంతుడైన డీలర్ నోటిలెక్క వేయడు, వేలు పెట్టి ఒక్కో పద్దూ కూడుకుంటూ వస్తాడు.

వ్యాపారంలో లాభం కంటే నమ్మకం ఎక్కువ తెచ్చే పని ఇంకొకటుంది, అది భద్రత కోసం దాచి పెట్టడం. లైసెన్సు గడువు తీరినా, రద్దయినా, యజమాని చనిపోయినా తుపాకీ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఇరవై ఒకటో సెక్షన్ ప్రకారం దాన్ని దగ్గరి ఠాణాలోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలి. ఎన్నికలప్పుడు కూడా అధికారులు కోరినవాళ్లు తమ ఆయుధాలు ఇలాగే అప్పగిస్తారు. నాన్న పోయిన పదకొండో రోజు కర్మ అయ్యాక, ఎలా పట్టుకోవాలో కూడా తెలియని కొడుకు దుప్పట్లో చుట్టి తెస్తాడు. డీలర్ దుప్పటి విప్పి, ఖాళీ అవునా కాదా చూసి, నంబరు రాసుకుని, మడమ మీద గీతలూ తుప్పు మచ్చలూ రసీదులో రాసి ఇస్తాడు. తిరిగి ఇచ్చేటప్పుడు ఈ గీత అప్పట్లో లేదు అనిపించుకోకుండా ఉండటానికి. వారసుడు లైసెన్సు తెచ్చుకునేదాకా, లేదా ఎవరికైనా అమ్మేదాకా అది అక్కడే. గడువు దాటినా ఎవరూ రాకపోతే ప్రభుత్వానికి పోతుంది. ఈ లోపు దాని గొట్టానికి నూనె రాసేది డీలరే. అద్దె కొద్దిపాటే, కానీ తనది కాని తుపాకీని తన సరుకుతో కలపకుండా, వేరే రిజిస్టరులో, వేరే అరలో ఉంచాలి.

ఇంటి నుంచే ఈ వ్యాపారం చేయడం మామూలుగా జరిగే దేశం అమెరికా. మన పిల్లలు ఉద్యోగాలు చేసే ఊళ్లలోనే, వాళ్ల పక్కింటి గ్యారేజీలోనో నేలమాళిగలోనో సమాఖ్య ప్రభుత్వ లైసెన్సుతో డీలర్ ఉండొచ్చు. మూడేళ్లకు 200 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకుంటారు, ఆ తర్వాత ప్రతి మూడేళ్లకు 90. స్థానిక జోనింగ్ నిబంధనలు ఒప్పుకోవాలి. అక్కడి చట్టమూ మనదీ ఎన్నో విషయాల్లో ఉత్తర దక్షిణాలు, కొనేవాడికి ముందుగా లైసెన్సు ఉండాలన్న పట్టు అక్కడి సమాఖ్య చట్టంలో లేదు. ఆ తేడా మంచిదని నేననుకోను. కానీ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి రెండు దేశాల డీలర్లూ ఒకరి చేతిరాత ఒకరు చదువుకోగలరు. అక్కడా రాక పోకల రిజిస్టరే. తుపాకీ వచ్చిన మర్నాటి పని వేళలు ముగిసేలోగా రాక ఎక్కాలి, అమ్మిన ఏడు రోజుల్లో పోక ఎక్కాలి. దొంగతనం జరిగితే 48 గంటల్లో చెప్పాలి. అధికారులు ఏడాదికి ఒకసారి వారంటు లేకుండానే ఇంటి తలుపు తట్టొచ్చు, కాపురం ఉన్న ఇల్లయినా సరే దుకాణపు లెక్కలు చూపాలి. వ్యాపారం మానేస్తే ఆ పుస్తకాలన్నీ వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న జాతీయ కేంద్రానికి పంపాలి. ఎక్కడో దొరికిన తుపాకీ నంబరు పట్టుకుని వెతికేవాళ్లు మూతపడిన దుకాణాల పుస్తకాల్లో కూడా వెతుకుతారు.

మన దగ్గర దుకాణం మూసేయడం కూడా ఒక పనే. లైసెన్సు తిరిగి ఇచ్చే ముందు సరుకంతా తేలాలి. అమ్ముడుపోనివి మరో డీలర్‌కు పోతాయి, ఆ డీలర్ పుస్తకంలో రాకగా ఎక్కిన తేదీ, ఇక్కడ పోకగా ఎక్కిన తేదీతో కలవాలి. జమ ఉన్నవాటి యజమానులకు కబురు పెట్టి, వచ్చినవారికి లైసెన్సు చూసి ఇచ్చి సంతకం తీసుకోవాలి, రానివారివి ఠాణాకు అప్పగించి రసీదు తీసుకోవాలి. తూటాలు లెక్కపెట్టి అదే పద్ధతిలో పంపాలి. ఇవన్నీ అయ్యాక రిజిస్టరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కుడి వైపు గడి ఒక్కటి కూడా ఖాళీగా లేదని చూసుకుని, చివరి పద్దు కింద అడ్డంగా గీత కొట్టి, నిల్వ సున్నా అని రాసి అధికారికి అందించాలి.